చూరు మీది పిట్ట

"వచ్చీసినాది మామ్మా! ఇగో, సూడు. పిట్టగోడ మీద వాలిపోనాది. సెల్లులో టైము కూడా పడ్డాది. ఇంకేటి గావాల?"

"వాలిపోతే సరా? గూట్లోకి దిగొద్దా? నేనక్కడే కూకునున్నాను. నీ పావురం పిట్టగోడ మీద షికారు సేసి, ఈకలు దువ్వుకుని, తీరుబడిగా దిగినాది. అప్పటికి మా పిట్ట గూట్లోకెల్లి నీళ్లు తాగి కునుకు తీసినాది."

"మీ పిట్ట సంగతి నాకు సెప్పకు మావా. మీ ఇంటికాడ కూకున్నోణ్ణి నేనే కదా! అది తలుపు దాటిన టైము నేనే సెప్పినాను. ఒక్క అబద్దం ఆడినానా?"

"నేను మాత్రం ఆడినానా? నీది తలుపు దాటిన టైమే సెప్పినాను. అది నీకు నచ్చకపోతే నేనేటి సేసేది?"

నేను లేచి వెళ్లి ఫ్యాను కట్టేశాను. ఇద్దరూ ఒక్కసారి నా వైపు చూశారు. "గాలి తగిలేకొద్దీ మీ నోళ్లు లేస్తన్నాయి. కాసేపు సెమట పట్టనియ్యండి. కరెంటూ మిగుల్తాది, మాటా తగ్గుతాది," అన్నాను. ఆమదాలవలసలో మా ఇంటి వసారాలో, పొద్దు వాలిన వేళ జరిగిన సంగతి ఇది. సెల్లు పట్టుకున్నవాడు గరివిడి శీను. ఫ్యాక్టరీలో పని. వయసు తక్కువ, వేడి ఎక్కువ. రెండో ఆయన నౌపడ ధర్మారావు, ఉప్పు మడుల దగ్గర మేస్త్రీ. మాట నెమ్మదిగా వస్తుంది గానీ వచ్చిందంటే గుచ్చుకుంటుంది. ఇద్దరూ పందెం పావురాలు పెంచుతారు. నేను శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల పావురాల సంఘానికి పెద్దని. మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన ఆవిడ గురించి రాద్దామని ఈ కాగితాల ముందు కూర్చున్నాను. ఆవిడ గురించి చెప్పాలంటే ఈ తగువు దగ్గర మొదలుపెట్టక తప్పదు.

చూడనివాళ్లకు ముందు పందెం సంగతి చెప్పాలి. పావురాలను బుట్టల్లో పెట్టి ఒడిశా వైపు దూరంగా తీసుకెళ్లి, అన్నిటినీ ఒకేసారి వదులుతారు. ఏ పావురం దాని గూటికి అది ఎగిరి వస్తుంది. ఒక్కో గూడు ఒక్కో దూరంలో ఉంటుంది కాబట్టి, దూరాన్ని పట్టిన కాలంతో భాగించి, ఎవరి పావురం వేగం ఎక్కువైతే వాళ్లది గెలుపు అంటాం. ఇది అన్ని చోట్లా ఉన్నదే. మా సంఘంలో ఇంకొక పద్ధతి ఉంది. పందెం రోజున ఎవడూ తన గూటి దగ్గర ఉండకూడదు. ఎదుటివాడి గూటి దగ్గరకు వెళ్లి కూర్చోవాలి. శీను వెళ్లి ధర్మారావు ఇంట్లో, ధర్మారావు వెళ్లి శీను ఇంట్లో కూర్చుని, వచ్చిన పావురానికి టైము చెప్పాలి. తన పావురం ఇంటికి రావడం తన కంటితో చూసుకునే భాగ్యం మా సంఘంలో ఎవరికీ లేదు. దాన్ని పిలిచి దించుకోవడం ఇంట్లో ఆడవాళ్ల పని. వచ్చి కూర్చున్నవాడు శత్రువైనా వాడికి ఫలహారం పెట్టడం కూడా వాళ్ల పనే.

ఆ ఏటి షీల్డుకి రెండు పందేలు. మొదటిది ఆ ఉదయమే అయింది. రెండోది మర్నాడు పొద్దున్నే. బుట్టలు అప్పటికే వ్యానులో వెళ్లిపోయాయి. శీను పావురం పిట్టగోడ మీద వాలిన టైము లెక్కలోకి తీసుకుంటే మొదటి పందెం వాడిది. గూటి తలుపు దాటిన టైము తీసుకుంటే ధర్మారావుది. "మామ్మా, నువ్వు గానీ ఆయన పక్క సెప్పినావంటే, రేపు మా గరివిడోళ్లు ఒక్కలు కూడా ఎదుటోళ్ల ఇళ్లకి ఎల్లరు. మా సంఘం మేం పెట్టుకుంతాం," అన్నాడు శీను. సంఘంలో సగం మంది గరివిడి చుట్టుపక్కల వాళ్లే. వాళ్లు కూర్చోకపోతే టైము చెప్పేవాళ్లు ఉండరు. రేపటి పందెం ఉండదు, ఆపైన సంఘమూ ఉండదు.

"ముందు ఆ బొమ్మ ఆడించు," అన్నాను. శీను సెల్లు నా ముందు పెట్టాడు. కళ్లజోడు వెతుక్కుంటూ ఉండగానే చప్పుడు వినబడింది. శీను పెళ్లాం రేకు డబ్బాలో జొన్నలు పోసి గలగలా ఆడిస్తోంది. దా, దా, దా అని పిలుస్తోంది. బొమ్మ నా కంటికి ఆనకముందే ఆ చప్పుడు నన్ను పట్టుకుపోయి వరహాలమ్మగారి కొట్లో నిలబెట్టింది.

ఆమదాలవలస బజారులో వరహాలమ్మగారిది గింజల కొట్టు. భర్త పోయాక ఆవిడే నడిపారు. ఊరంతా సావుకారమ్మ అనేవారు. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ కొట్లో చాట పట్టాను. జొన్నలు, సజ్జలు, పెసలు చెరగడం, రాళ్లు ఏరడం, ఖాళీ బస్తాలు దులపడం నా పని. దులిపిన బస్తాని ఆవిడ మళ్లీ ఒకసారి దులిపేవారు. దాంట్లోంచి నాలుగు గింజలు రాలితే ఆ నాలుగూ నా అరచేతిలో పెట్టి, "ఇయ్యి నీ కంటికి కనబడనేదా, కనబడినా వంగనేదా?" అనేవారు. మొదటి ఏడు ఆ మాటకి ఏడ్చేదాన్ని. రెండో ఏటికల్లా ఆవిడ దులిపితే ఏమీ రాలేది కాదు. అయినా ఆవిడ దులపడం మానలేదు, నేను దాన్ని తప్పు పట్టడం మానేశాను.

ఆవిడకు పావురాలంటే గిట్టదు. కొట్టు చూరు మీద వాలి రెట్టలు వేస్తాయని చీపురు పట్టుకుని వెంటపడేవారు. అలాంటి ఆవిడ పావురాల సంఘానికి పెద్ద అయ్యారంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. జరిగింది ఇది. పావురాలు పెంచేవాళ్లందరూ మేత కోసం ఆ కొట్టుకే వచ్చేవారు. రైలు దిగి, సంచీ పట్టుకుని, గింజలు కొలిచేలోపు అరుగు మీద తగువులాడుకునేవారు. నా పిట్ట ముందొచ్చిందంటే నాది ముందొచ్చిందని. ఒకనాడు ఇద్దరు కలబడి పెసల బస్తా తన్నేశారు. ఆవిడ చీపురుతో ఇద్దరికీ చెరొకటి తగిలించి, "గింజలు ఏరండి ముందు. ఏరినాక ఎవడిది ముందో నాను సెప్తాను," అన్నారు. వాళ్లు ఏరారు, ఆవిడ చెప్పారు, వాళ్లు విన్నారు. ఆ తర్వాత సంఘం పెట్టుకుందామని అనుకున్నప్పుడు పెద్దగా ఎవరుండాలన్న మాట వచ్చింది. పావురం ఉన్న ప్రతివాడూ నేనంటే నేనన్నాడు. చివరికి అందరూ కలిసి ఆవిడ దగ్గరకు వచ్చారు.

"ఓలమ్మో, నాకా? నాకు ఆటి మొహం సూస్తేనే సిరాకు," అన్నారు ఆవిడ.

"అందుకే వచ్చినాం సావుకారమ్మా. నీకు మా అందరి పిట్టల మీదా ఒకటే సిరాకు కదా," అన్నాడు మా ఆయన సింహాద్రి. అప్పట్లో మా ఆయనకీ గూడు ఉండేది.

ఎదుటివాడి గూటి దగ్గర కూర్చునే పద్ధతి ఆవిడ పెట్టిందే. పందెం ముందు సాయంత్రం అందరూ చేతి గడియారాలు స్టేషను గడియారంతో సరిచూసుకుని, ఒకరి గడియారం ఒకరు మార్చుకుని వెళ్లేవారు. పావురాలను వదిలేచోట ఎదుటి కొండ స్పష్టంగా కనబడితేనే బుట్టలు తెరవాలి, మంచులో వదలకూడదు అన్నదీ ఆవిడే. "కొండ మనకే కనపడకపోతే పిట్టకి దారేటి కనపడతాది? మీ పంతానికి అయ్యి సముద్రంలో పడాలా?" అనేవారు. గిట్టని పిట్టల గురించి ఆవిడ పట్టించుకున్నంత, ప్రేమించేవాళ్లు పట్టించుకోవడం నేను చూడలేదు. అన్నిటికంటే పెద్ద నియమం తలుపుది. "సూరు మీద వాలిన పిట్ట వచ్చినట్టు కాదు. తలుపు దాటితేనే వచ్చినట్టు."

ఆ నియమం నా ఇంటికే తగిలింది ఒకసారి. మా ఆయనకి బూడిదోడు అని ఒక పోతు పావురం ఉండేది. రంగు బూడిద, గుండె నిప్పు. ఆనాటి పందెంలో మా గూటి దగ్గర కూర్చోవడానికి విజయనగరం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఎండ మండిపోతోంది. బూడిదోడు అందరికంటే ముందు వచ్చి మా పెంకుల మీద వాలాడు. నేను డబ్బా ఆడించాను. దిగడానికి మెడ చాచాడు కూడా. సరిగ్గా అప్పుడు ఆ పెద్దమనిషి ఎండకు తాళలేక తన గొడుగు టప్పుమని తెరిచాడు. బూడిదోడు లేచిపోయాడు. మూడు వీధులు చుట్టి, మళ్లీ పెంకుల మీద కూర్చుని, ఆ గొడుగు ముడిచేదాకా దిగలేదు. ఈలోగా పందెం ఇంకొకరి పాలైంది. ఆయన కావాలని చేశాడని మా ఆయన. బట్టతల, ఎండకు తాళలేకపోయానని ఆ పెద్దమనిషి.

తీర్పు కొట్టు అరుగు మీదే జరిగింది. వరహాలమ్మగారు చిన్న పీట వేసుకుని కూర్చున్నారు. తీర్పు చెప్పేటప్పుడు ఎప్పుడూ కూర్చునే చెప్పేవారు. నిలబడి చెబితే మాటలో కోపం దూరుతుందని ఆవిడ నమ్మకం. నేను చాట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నావైపు ఒక్క చూపు చూస్తారని అనుకున్నాను. చూడలేదు.

"తలుపు దాటినప్పుడే వచ్చినట్టు. సింహాద్రి పిట్ట ఎనకబడ్డాది," అన్నారు.

"మరి గొడుగో?" అన్నాడు మా ఆయన.

"గొడుగు తప్పే. రేపటి నించి ఎదుటోడి గూటికాడ గొడుగు తెరవకూడదు. సూరు కింద నీడలో కూకోవాల. ఇది రేపటి నియమం. నిన్నటి పందేనికి నిన్నటి నియమమే."

మా ఆయన ఆవిడ ఇచ్చిన టీ ముట్టకుండా వెళ్లిపోయాడు. తీర్పుకి ముందు ఆవిడ ఎవరికీ మంచినీళ్లు కూడా ఇచ్చేవారు కాదు. అయ్యాక మాత్రం ఇద్దరికీ టీ పెట్టించేవారు. తాగినవాడు సంఘంలో ఉన్నట్టు. అందరూ వెళ్లాక నేను ఉండబట్టలేక అడిగాను. "ఇన్నేళ్లనించి నీ కొట్లో సెయ్యి అరిగేలా సెరుగుతన్నాను. నా మొగుడికి ఒక్క మాట సాయం రానేదా నీకు?"

ఆవిడ కోప్పడలేదు. మా ఆయన వదిలేసిన టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "నీకోసం ఆ తలుపు ఒక్క పాలి జరిపితే, రేపు ఊరంతా ఆ సందులోంచే దూరతాది. అప్పుడు నీ మొగుడి పిట్ట నిజంగా గెలిసినా, సావుకారమ్మ పనిమనిషి మొగుడు కాబట్టి గెలిసినాడంతారు. అది నీకు ఇష్టమా?" అన్నారు. నాకు ఇష్టం కాలేదు. టీ చల్లారిపోయింది, అయినా తాగాను. ఆ తర్వాతి ఏడు బూడిదోడు గెలిచాడు. ఎవరూ నోరెత్తలేదు. ఎత్తడానికి ఆవిడ ఏమీ మిగల్చలేదు.

చాలా ఏళ్లకి ఆవిడ మంచాన పడ్డారు. మా ఆయన అప్పటికే పోయాడు. గూడు నేనే చూసుకుంటున్నాను. బూడిదోడి మనవలు, మునిమనవలు అందులో ఉన్నాయి. ఆయన చేతి మీద పెరిగిన పిట్టలు కనుక నాకు వాటి మీద మమకారం ఉండేది. ఆవిడ నన్ను పిలిపించి, సంఘం చూసుకోమన్నారు. నాకు చదువు లేదన్నాను. "నాకుందేటి? రాళ్లు ఏరడం వచ్చు కదా నీకు, సాలు," అన్నారు. తర్వాత కాసేపు ఊపిరి తీసుకుని, "కానీ పిట్టలుంటే కుర్చీ నేదు. ఆలోసించుకో," అన్నారు.

ఆలోచించాను. ఆవిడ కన్నుమూసిన నెలలోనే పిట్టలన్నీ ధర్మారావు వాళ్ల నాన్నకి ఇచ్చేశాను. కానీ పందెం పావురాన్ని ఇచ్చేయడమంటే ఆవుని ఇచ్చేసినట్టు కాదు. కొత్తవాళ్ల దగ్గర ఎంత మేత తిన్నా, రెక్క విప్పగానే పాత ఇంటికే వస్తుంది. పిల్లలు పెట్టేదాకా కట్టేసి ఉంచుతామని ఆయన అన్నాడు. అయినా ఒకటి తప్పించుకుని వచ్చేసింది. అచ్చంగా బూడిదోడి పోలికే. మా పెంకుల మీద వాలి, మెడ చాచి, డబ్బా చప్పుడు కోసం చూసింది. డబ్బా నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. గూటి తలుపు మూసే ఉంచాను. అది చీకటి పడేదాకా అక్కడే ఉంది. నేను కింద వసారాలో బియ్యం ఏరుతూ కూర్చున్నాను. నౌపడ నుంచి వాళ్లు వచ్చి పట్టుకుపోయారు. వరహాలమ్మగారి నియమం అంత కటువుగా ఎందుకు ఉందో నాకు ఆ పూట అర్థమైంది. చూరు మీద ఉన్నదాన్ని మనదే అనుకోవడం చాలా సులువు. దాని కోసం తలుపు తీయకుండా కూర్చోగలిగిన మనిషే తలుపు దగ్గర ఉండాలి.

శీను సెల్లు ఆగిపోయింది. "ఇంకోపాలి ఆడించు," అన్నాను. ఈసారి కళ్లజోడు పెట్టుకుని చూశాను. పావురం పిట్టగోడ మీద వాలిన మాట నిజమే. కింద వాడి పెళ్లాం డబ్బా ఆడిస్తున్న మాటా నిజమే. అయితే డాబా నేల మీద నీడలు కనబడుతున్నాయి. తలలు, ఎత్తిన చేతులు, ఒకటి కాదు, ఒక గుంపు.

"ఈలంతా ఎవుల్రా?"

"మా ఫ్రెండ్సు మామ్మా. ఈడియో తియ్యడానికి వచ్చినారు. నేను నౌపడలో ఉంతాను కదా, సూడ్డానికి అవదని."

"ఒరే, అంతమంది సెల్లులు పట్టుకుని మేడెక్కితే పిట్ట ఎలగ దిగుతాదిరా? నిన్ను ధర్మారావు ఓడించనేదు. మీ ఫ్రెండ్సు ఓడించినారు."

ధర్మారావు కిసుక్కున నవ్వాడు. "నువ్వు నవ్వకు," అన్నాను. "అంతమంది మేడ మీద ఉంటే దిగండ్రా అని ఒక్క మాట అన్నావా నువ్వు? గూటికాడ కూకోవడమంటే ఉప్మా తిని గడియారం సూడ్డమేనా?"

పీట లాక్కుని కూర్చున్నాను. "తలుపు దాటినప్పుడే వచ్చినట్టు. ఈ పందెం ధర్మారావుది. రేపటినించి ఎవుల మేడ మీదా ఎవులూ ఎక్కకూడదు, ధర్మారావైనా సరే, దేవుడైనా సరే. సెల్లు టైము లెక్కెట్టాలో వద్దో వచ్చే ఏడు అందరూ కూకుని తేల్చుకోండి. నేను కాదనను. ఈ ఏటికి మాత్రం తలుపే."

శీను లేచి నిలబడ్డాడు. "పెద్దదానివని ఊరుకుంతన్నాను మామ్మా."

"ఊరుకోమని నాను సెప్పనేదు నాయనా. టీ పెడతాను, తాగినాక అరుద్దువు గాని."

వాడు తాగలేదు. చెప్పులు తొడుక్కుని స్టేషను వైపు వెళ్లిపోయాడు. ఆ స్టేషనులో ఒక వైపు బండెక్కితే గరివిడి, రెండో వైపు ఎక్కితే నౌపడ. వాడు ఏ బండెక్కుతాడో నేను అడగలేదు. పరిగెత్తి బతిమాలమని ధర్మారావు అన్నాడు. "బతిమాలి కూకోబెట్టినోడు టైము సరిగ్గా సెప్పడు," అన్నాను. ధర్మారావు తన టీ తాగి గరివిడి బండికి వెళ్లాడు. శీను నౌపడ వెళ్లినా వెళ్లకపోయినా తన వంతు తను కూర్చోవాలి కదా. శీను గ్లాసు అలాగే ఉండిపోయింది. టీ పారబోసే అలవాటు మా ఇంట్లో లేదు, నేనే తాగాను.

వరహాలమ్మగారి కొట్టు ఇప్పుడు లేదు. ఆవిడ ఫోటో కూడా నా దగ్గర లేదు. అడిగితే, ఫోటోకి ఖర్చు దండగ అనేవారు. నా దగ్గర ఉన్నది ఆవిడ చిన్న పీట ఒకటి, దులిపిన బస్తాని మళ్లీ దులిపే అలవాటు ఒకటి. మనుషులు నన్ను కటువైన మనిషి అంటారు. ఆవిడనీ అలాగే అనేవారు. ఆవిడ తీర్పు ఒకరి పక్కకి ఒరిగిందని మాత్రం ఒక్కరు కూడా అనలేదు. నా గురించి కూడా ఆ మాట రాకపోతే నాకు చాలు.

మర్నాడు పొద్దున్నే నౌపడ నుంచి ఫోను వచ్చింది. ధర్మారావు భార్య జయమ్మ.

"అమ్మా, గరివిడాయన వచ్చీసినాడు. సూరు కింద కూకున్నాడు. మొహం మాడిపోయున్నాది గానీ ఉప్మా తింటన్నాడు. ఉప్పు సాల్లేదంతన్నాడు."

"నౌపడలో ఉండి ఉప్పుకి పొదుపేటే? ఇంకో సిటికెడు ఎయ్యి," అన్నాను.

ఆ ఫోను పెట్టేసి, బుట్టల దగ్గర ఉన్నవాళ్లకు ఫోను చేశాను. కొండ కనబడుతోందా అని అడిగాను. కనబడుతోందన్నారు. బుట్టలు తెరవమన్నాను.